ఫుట్‌బాల్ కిక్‌ఆఫ్‌లో జాప్యానికి శిక్షలు

ఫుట్‌బాల్ ఆటలో మైదానం మధ్య బిందువు నుండి బంతిని తన్ని ఆటను ప్రారంభించడాన్ని కిక్‌ఆఫ్ అంటారు. రెండు అర్ధభాగాలు, ఎక్స్‌ట్రా టైమ్‌లోని రెండు భాగాలు దీనితోనే మొదలవుతాయి. గోల్ పడిన ప్రతిసారీ, గోల్ సమర్పించుకున్న జట్టు కిక్‌ఆఫ్‌తోనే ఆటను తిరిగి ప్రారంభిస్తుంది. ఈ సందర్భాలలో జరిగే జాప్యాన్ని మూడు విధాలుగా ఎదుర్కొంటారు. రిఫరీ కోల్పోయిన సమయాన్ని ఆట చివర కలుపుతారు. తప్పు చేసిన ఆటగాడికి పసుపు కార్డు చూపిస్తారు. జట్టు మొత్తం చేసిన ఆలస్యానికి పోటీ నిర్వాహకులు జరిమానా విధిస్తారు. ఈ మూడింటి ప్రయోజనాలు వేర్వేరు. ఒకటి మరొకదానికి బదులు కాదు.

కిక్‌ఆఫ్ విధానం

ఆట నియమావళిలోని 8వ నియమం కిక్‌ఆఫ్‌ను వివరిస్తుంది. ఈ నియమావళిని ఐ.ఎఫ్.ఎ.బి. అనే అంతర్జాతీయ మండలి రూపొందిస్తుంది. టాస్ గెలిచిన జట్టు మొదటి అర్ధభాగంలో ఏ గోల్ వైపు ఆడాలో నిర్ణయించుకోవచ్చు, లేదా తానే కిక్‌ఆఫ్ తీసుకోవచ్చు. ఈ ఎంపిక 2019 నుండి అమలులో ఉంది. కిక్‌ఆఫ్ సమయంలో పాటించవలసిన షరతులు ఇవి:

* బంతిని తన్నే ఆటగాడు తప్ప మిగిలిన వారందరూ తమ తమ అర్ధభాగాలలోనే ఉండాలి.
* ఎదుటి జట్టు ఆటగాళ్ళు బంతికి కనీసం 9.15 మీటర్ల దూరంలో ఉండాలి.
* బంతి మధ్య బిందువుపై కదలకుండా ఉండాలి.
* రిఫరీ సంకేతం ఇచ్చిన తరువాతే బంతిని తన్నాలి.

2016 నుండి బంతిని ఏ దిశలోనైనా తన్నవచ్చు. తన్నిన ఆటగాడు ఇతరులెవరూ తాకక ముందే బంతిని మళ్ళీ తాకితే ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ లభిస్తుంది. ఇతర సాధారణ ఉల్లంఘనలకు కిక్‌ఆఫ్‌ను తిరిగి తీయిస్తారు. కిక్‌ఆఫ్ ఇన్ని సెకన్లలో తీయాలనే గడువు ఏదీ నియమంలో లేదు. ఆలస్యం ఎక్కువైందా లేదా అన్నది రిఫరీ విచక్షణకు వదిలివేయబడింది.

జాప్యం వల్ల నష్టం

ఫుట్‌బాల్‌లో బంతి ఆటలో లేనపుడు కూడా గడియారం ఆగదు. అందువలన ఆధిక్యంలో ఉన్న జట్టుకు ప్రతి ఆలస్యమూ లాభమే. ఉదాహరణకు 88వ నిమిషంలో ఒక జట్టు గోల్ చేసి 1-0 ఆధిక్యం పొందిందనుకుందాం. ఇపుడు కిక్‌ఆఫ్ తీయవలసింది వెనుకబడిన జట్టు. కాని గోల్ చేసిన జట్టు ఆటగాళ్ళు తమ అర్ధభాగానికి తిరిగి రానిదే కిక్‌ఆఫ్ సాధ్యపడదు. వారు మైదానం మూలన ఒకటిన్నర నిమిషం సంబరాలు జరుపుకుంటే, ఎదుటి జట్టుకు మిగిలిన రెండు నిమిషాలలో చాలా భాగం హరించుకుపోతుంది. అంటే గోల్ తరువాత కిక్‌ఆఫ్ ఆలస్యమైతే అందుకు కారణం తరచుగా బంతిని తన్నే జట్టు కాక ఎదుటి జట్టే అవుతుంది.

కోల్పోయిన సమయాన్ని కలపడం

7వ నియమం ప్రకారం ప్రతి అర్ధభాగం చివర రిఫరీ కోల్పోయిన సమయాన్ని కలుపుతారు. వాడుకలో దీనిని ఇంజురీ టైమ్ అంటారు. ఆటగాళ్ళ మార్పిడి, గాయాలు, కార్డులు చూపడం, వీడియో సమీక్ష, మంచినీటి విరామాలు, కావాలని చేసిన కాలయాపనతో పాటు గోల్ సంబరాల వల్ల కలిగే గణనీయమైన జాప్యం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. నాలుగవ అధికారి పలకపై చూపే అంకె కనీస సమయం మాత్రమే. రిఫరీ దానిని పెంచవచ్చు, తగ్గించరాదు.

2022లో కతర్‌లో జరిగిన ప్రపంచకప్‌లో ఫిఫా ఈ లెక్కను కచ్చితంగా అమలు చేయించింది. 2022 నవంబరు 21న ఇంగ్లాండు, ఇరాన్ జట్ల మధ్య జరిగిన ఆటలో రెండు అర్ధభాగాలకు కలిపి సుమారు 27 నిమిషాలు అదనంగా ఆడించారు. ఆ ఆటలో ఎనిమిది గోల్స్ పడ్డాయి. గోల్‌కీపర్ గాయానికి కూడా చాలా సమయం పట్టింది.

సమయం కలపడం శిక్ష కాదు. అది నష్టపరిహారం మాత్రమే. ఆలస్యం చేసిన జట్టు కూడా ఆ నిమిషాలలో గోల్ చేయవచ్చు.

పసుపు కార్డు

ఆట పునఃప్రారంభాన్ని జాప్యం చేయడం 12వ నియమం ప్రకారం హెచ్చరించదగిన నేరం. రిఫరీ ఆటను ఆపిన తరువాత బంతిని దూరంగా తన్నడం, చేతిలో పట్టుకుపోవడం, మార్పిడి సమయంలో మైదానం నుండి కావాలని నెమ్మదిగా వెళ్ళడం, ఆట ప్రారంభించడానికి మితిమీరిన సమయం తీసుకోవడం ఇందులోకి వస్తాయి. గోల్ పడగానే వల నుండి బంతిని తీసి ఎదుటి జట్టుకు ఇవ్వకుండా దాచుకునే ఆటగాడికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

గోల్ సంబరాలకు నియమావళి అనుమతిస్తుంది. అయితే అవి అతిగా కాలహరణం చేయకూడదు. చొక్కా విప్పినా, ప్రేక్షకుల కంచె ఎక్కినా పసుపు కార్డు తప్పదు. తరువాత ఆ గోల్ రద్దయినా కార్డు రద్దు కాదు. ఒకే ఆటలో రెండు పసుపు కార్డులు పొందిన ఆటగాడు ఎర్ర కార్డుతో మైదానం విడిచి వెళ్ళాలి.

పసుపు కార్డు చూపినంత మాత్రాన పోయిన సమయం తిరిగి రాదు. కనుక రిఫరీ కార్డు చూపడంతో పాటు, కార్డు చూపడానికి పట్టిన సమయాన్ని కూడా కలుపుతారు.

ఆలస్యంగా మైదానానికి వచ్చే జట్లు

విరామం 15 నిమిషాలకు మించరాదు. జట్టు మొత్తం ఆలస్యంగా వస్తే రిఫరీ ఆ విషయాన్ని తన నివేదికలో నమోదు చేస్తారు. శిక్షను నిర్వాహకులు నిర్ణయిస్తారు. ఇంగ్లాండులోని ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ జట్టు రెండు సీజన్లలో 22 సార్లు కిక్‌ఆఫ్‌కు లేదా రెండవ అర్ధభాగానికి ఆలస్యంగా వచ్చినందుకు 2024లో 20 లక్షల పౌండ్లకు పైగా జరిమానా చెల్లించవలసి వచ్చింది.

ఈ సమయపాలన ప్రసార సంస్థల కోసమే కాదు. 1982 జూన్ 25న స్పెయిన్‌లోని గిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా జట్లు ఆడే నాటికి అల్జీరియా తన చివరి ఆటను ముగించింది. 1-0 ఫలితంతో తామిద్దరమూ ముందుకు వెళ్ళగలమని తెలిసిన ఆ జట్లు, జర్మనీ గోల్ తరువాత గెలుపు కోసం ప్రయత్నించకుండా ఆటను సాగదీశాయి. అల్జీరియా నిష్క్రమించింది. 1986 ప్రపంచకప్ నుండి ఒకే గ్రూపులోని చివరి ఆటలను ఒకే సమయంలో ప్రారంభిస్తున్నారు.

కిక్‌ఆఫ్‌కు నిరాకరణ

జాప్యానికి అంతిమ రూపం ఆటను తిరిగి ప్రారంభించడానికి నిరాకరించడం. భారతదేశంలో ఇటువంటి ఘటనలు రెండు ప్రముఖమైనవి.

* 2012 డిసెంబరు 9న కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌తో జరిగిన ఐ-లీగ్ ఆటలో విరామం తరువాత మోహన్ బగాన్ జట్టు మైదానానికి రాలేదు. ప్రేక్షకులు విసిరిన రాయి తగిలి ఆ జట్టు ఆటగాడు రహీం నబీ గాయపడ్డాడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మొదట రెండేళ్ళ నిషేధం విధించింది. 2013 జనవరిలో దానిని తొలగించి, అప్పటివరకు సాధించిన పాయింట్లను రద్దు చేసి, 2 కోట్ల రూపాయల జరిమానా విధించింది.
* 2023 మార్చి 3న బెంగళూరులో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఆట ఎక్స్‌ట్రా టైమ్‌లో సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను వేగంగా తీసి గోల్ చేశాడు. దానిని వ్యతిరేకిస్తూ, కిక్‌ఆఫ్ తీయవలసిన కేరళ బ్లాస్టర్స్ జట్టు మైదానం విడిచిపోయింది. ఆ జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా, శిక్షకుడు ఇవాన్ వుకొమనోవిచ్‌కు 10 ఆటల నిషేధం పడ్డాయి.

హైదరాబాదు ఫుట్‌బాల్

హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుండి 1963లో మరణించే వరకు భారత జట్టుకు శిక్షకుడుగా ఉన్నాడు. ఆయన శిక్షణలో భారతదేశం 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు గెలిచింది. ఆ కాలంలో రిఫరీలకు కార్డులు లేవు. హెచ్చరికను మాటతో, సైగతో తెలిపేవారు. పసుపు, ఎర్ర కార్డులు 1970 మెక్సికో ప్రపంచకప్‌తో వాడుకలోకి వచ్చాయి.

చివరి నిమిషాల విలువ 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌లో కనిపిస్తుంది. 68వ నిమిషంలో గోల్ సమర్పించుకున్న హైదరాబాద్ ఎఫ్.సి. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమం చేసి, పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి విజేతగా నిలిచింది. ఈ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

ఇతర క్రీడలతో పోలిక

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కిక్‌ఆఫ్‌కు 25 సెకన్ల గడువు ఉంటుంది. గడువు దాటితే 5 గజాల శిక్ష పడుతుంది. అంటే 35 గజాల గీత నుండి తన్నవలసిన బంతిని 30 గజాల గీత నుండి తన్నాలి.

క్రికెట్‌లో శిక్ష పరుగుల రూపంలో ఉంటుంది. 2024 జూన్ నుండి అంతర్జాతీయ వన్డే, టి20 ఆటలలో ఒక ఓవరు ముగిసిన 60 సెకన్లలో బౌలింగ్ జట్టు తరువాతి ఓవరుకు సిద్ధం కావాలి. రెండు హెచ్చరికల తరువాత మూడవసారి 5 పరుగులు ఎదుటి జట్టుకు చేరుతాయి. మల్లాపూర్, నాచారంలకు చేరువలోని ఉప్పల్ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో 2024 అక్టోబరు 12న జరిగిన భారత్-బంగ్లాదేశ్ టి20 ఈ నియమం అమలులోకి వచ్చిన తరువాతి ఆటలలో ఒకటి.

ఫుట్‌బాల్‌లో కూడా గడియారం ఆధారిత నియమం ఒకటి ఉంది. 2025-26 సీజన్ నుండి గోల్‌కీపర్ బంతిని 8 సెకన్ల కంటే ఎక్కువసేపు చేతిలో ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్ ఇస్తారు. కిక్‌ఆఫ్‌కు మాత్రం ఇటువంటి లెక్కింపును ఆ మార్పులో చేర్చలేదు.