బరువు లేని పట్టు

మేముండే మంగ్లాలో రాత్రి పడుకోబోయేముందు బొగ్గు బండి కూత వినడం మాకు అలవాటు. ఆ బండిని లాగే డబ్ల్యూఏజీ-9 ఇంజను ఒక్కటే 123 టన్నులు. అంత బరువెందుకో రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లల్ని అడిగినా చెబుతారు: బరువు లేకపోతే చక్రం పట్టా మీద జారిపోతుంది. వానకు జారితే డ్రైవరు చక్రాల కింద ఇసుక పోస్తాడు.

2022 నవంబరులో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు దీనికి పూర్తిగా ఎదురు రకం బండి వచ్చింది. పేరు వుల్ఫ్ జీబీ08 థండర్. బరువు 400 కిలోలకు అటూ ఇటూ, అంటే రెండు బుల్లెట్ బళ్లంత. ఇంజనూ మోటారు సైకిలుదే: అప్రిలియా వీ4, 1100 సీసీ, సుమారు 220 హార్స్‌పవర్. టన్నుకు లెక్క కడితే 550. మన గూడ్సు ఇంజనుకు అదే లెక్క 50.

ఇది ప్రోటోటైప్ రేసు కారు. రేసుల భాషలో ప్రోటోటైప్ అంటే షోరూములో అమ్మే కారును సానబెట్టింది కాదు, పందెం కోసమే పుట్టింది. ఫార్ములా కారు చక్రాలు బయటికి కనిపిస్తాయి, దీని చక్రాల్ని బాడీ కప్పేస్తుంది.

మరి ఇంత తేలిక బండి మలుపులో ఎగిరిపోదా? పోదు, దాన్ని గాలి నొక్కి పడుతుంది. వెనకున్న రెక్క విమానం రెక్కే, కాకపోతే బోర్లించి పెట్టారు. అసలు కిటుకు కారు పొట్ట కింద ఉంది. నేలకూ కారు అడుగుకూ మధ్య సందు సన్నం కనుక అందులో గాలి వేగం పుంజుకుంటుంది, దాంతో పీడనం పడిపోతుంది. పైనున్న గాలి బండిని రోడ్డుకేసి అదుముతుంది. వేగం రెట్టింపైతే ఈ అదుము నాలుగింతలు. అంటే నెమ్మదిస్తే ఈ అదుమూ తగ్గిపోతుంది! ఇది నాకు ఎప్పుడూ వింతే. గతుకుల నగరపు రోడ్డు మీద మాత్రం ఆ సందు క్షణక్షణం మారుతుంది, పట్టూ దాంతోపాటే ఊగుతుంది.

వుల్ఫ్ పేరుకో పాత వైభవం ఉంది. 1977 జనవరిలో అర్జెంటీనాలో ఆ పేరుతో దిగిన ఫార్ములా వన్ కారు తొలి పందెంలోనే గెలిచింది, నడిపినవాడు జోడీ షెక్టర్. ఇటలీలో తయారైన ఈ థండర్‌కు హైదరాబాద్‌లో అంత అదృష్టం పట్టలేదు. ఈ బళ్లు పోటీపడే ఇండియన్ రేసింగ్ లీగ్ మొదటి రౌండు అక్కడే నవంబరు 19, 20 తేదీల్లో అనుకున్నారు. ఆలస్యం మీద ఆలస్యమై, పొద్దు వాలిపోయి, లీగ్ పందెం జరగనే లేదు. తొలి పందేలు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో చూశాం. డిసెంబరులో బళ్లు మళ్లీ సాగర్ ఒడ్డుకొచ్చాయి. కొచ్చి జట్టు టైటిల్ ఎత్తుకుపోయింది, హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్‌కు రెండో స్థానం.

ఆ రోడ్డు మీద డ్రైవర్లకు సంకటం తెచ్చేది దుమ్ము. పందేనికి ముందు వరకూ బస్సులూ ఆటోలూ తిరిగిన తారు కదా. పట్టాల మీద పట్టు ఇచ్చే ఇసుకే ఇక్కడ టైరు కింద గోళీలా దొర్లుతుంది.