మాట పోయింది... మతి పోలేదు

“ముసలమ్మకు మతి తప్పింది పో!”

పక్కింటావిడ గుమ్మంలో నిలబడే అనేసింది. మంచం మీదున్న మా పెద్దత్తమ్మ కళ్ల వెంట నీళ్లు జారాయి. ఆమెకు అంతా అర్థమవుతోందని నాకు తెలిసింది ఆ కన్నీళ్లతోనే.

పక్షవాతంతో కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. వాటితోపాటే మాటా పడిపోయింది. మంచినీళ్ల చెంబు చూపించి “చీర... చీర” అనేది. తప్పని తనకే తెలిసి నుదురు కొట్టుకునేది. డాక్టర్లు దీన్ని అఫేజియా అంటారు. చాలామందిలో భాషను నడిపేది మెదడు ఎడమ భాగం. అక్కడికి రక్తం అందకపోతే మాటలు దొరకవు. ‘టాన్’ తప్ప మరో మాట రాని ఒక రోగి మెదడులో దెబ్బతిన్న చోటును 1861లో పారిస్ డాక్టరు పాల్ బ్రోకా చూపించాడు. ఇలాంటివాళ్లు మాట్లాడలేకపోయినా మన మాటలు చాలావరకు గ్రహిస్తారు. ఇంకో రకం వాళ్లు గడగడా మాట్లాడతారు గానీ అందులో అర్థముండదు, మనం చెప్పేదీ వాళ్లకు సరిగా అందదు. పాపం, పిచ్చి అనే ముద్ర తొందరగా పడేది వీళ్లకే!

మావాళ్లు నూనె రాసి, పసరు తాగించి ఒక పూట పోగొట్టారు. మింగలేని మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను స్కాన్ తీశాక, సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాదు దాదాపు వంద కిలోమీటర్లు. మూతి వంకర పోయినా, చెయ్యి వాలినా, మాట ముద్దగా వచ్చినా ఇక లెక్క మీరే వేసుకోండి.

ఆ ఏడు బతుకమ్మ పండక్కి ఆమెను కుర్చీలో వాకిట్లో కూర్చోబెట్టాం. ఆడవాళ్లు పాట ఎత్తుకోగానే తనూ అందుకుంది, ఒక్క మాట తడబడలేదు! పాట అయ్యాక మంచినీళ్లు అడగబోతే మళ్లీ “చీర”. నోటికొచ్చిన పాటలు, అంకెలు, దేవుడి పేర్లు ఇలా మిగలడం కద్దు. 1973లో బోస్టన్‌లో ఈ సంగతినే చికిత్సగా మలిచారు. ఎడమ చేత్తో తాళం వేస్తూ, చిన్న మాటల్ని రాగం తీసి పలికించడమే అది. స్పీచ్ థెరపిస్టు చెబితే మేమూ “అన్నం కావాలె” అని రాగం తీశాం. మొదట నవ్వింది, తర్వాత అన్నది.

ఇంకో విచిత్రం. ఆమె పుట్టిల్లు నారాయణపేట, చిన్ననాటి భాష కన్నడం. నలభై ఏళ్లుగా మాట్లాడిన తెలుగుకంటే ముందు కన్నడం మాటలే వచ్చాయి. అందరికీ ఇదే వరస ఉండదట. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచన, జ్ఞాపకం మామూలుగానే ఉన్నాయి. ఒకే భాష వాళ్లలో 19.6 శాతం మందికే. మాట పడిపోవడం మాత్రం ఇద్దరిలోనూ ఇంచుమించు సమానమే.

ఇంట్లో మేం నేర్చుకున్నది కొంచెమే. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, ఒక్కసారి ఒక్క మాటే అడగాలి. “టీయా, పాలా?” అంటే వేలు చూపిస్తుంది. ఆమె మాట వెతుక్కుంటుంటే మనం అందించెయ్యకూడదు. ఇదే అన్నిటికన్నా కష్టం. “నీళ్లు అను, అప్పుడే ఇస్తా” అని సతాయించడం అంతకన్నా పాపం.

మొదటి కొన్ని నెలల్లో మార్పు బాగా కనిపించింది. ఆ తర్వాత నత్తనడకే, కానీ ఆగలేదు. ఇప్పుడు మూడు నాలుగు మాటలు కలిపి అంటుంది. కోడల్ని మాత్రం ఇప్పటికీ తన చెల్లెలి పేరుతోనే పిలుస్తుంది. కోడలు పలుకుతుంది.