నలభై అయిదేళ్లకు గుర్రమెక్కాను!

గుర్రం అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే పెళ్లిళ్ల సీజనులో మా మదీనాగూడ రోడ్డు మీద, బ్యాండు మేళం వెనకాల పెళ్లికొడుకును మోసుకొచ్చే తెల్ల గుర్రమే గుర్తొచ్చేది. దాన్ని కూడా రోడ్డుకు ఇవతలి పక్క నుంచే చూసేదాన్ని. అలాంటి నేను కిందటేడు ఫిబ్రవరిలో అమెరికా ఎడారిలో మూడు రోజులు గుర్రమెక్కి తిరిగానంటే నమ్ముతారా? ఫొటోలు చూశాక కూడా మావారు నమ్మలేదు!

మా చెల్లాయి, మరిది అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్ ఊళ్లో ఉంటారు. అక్కడ మన తెలుగువాళ్లు బోలెడుమంది. నేను వెళ్లిన రెండో వారంలోనే చెల్లాయి, "అక్కా, మనిద్దరం రాంచ్‌కి వెళ్తున్నాం. డబ్బు కట్టేశాను, కాదనకు" అంది. నేను ఏ గుడికో అనుకుని తలూపాను.

రాంచ్ అంటే పశువులను మేపే పెద్ద పొలం. 1880ల్లో డకోటా ప్రాంతంలో ఈటన్ అనే అన్నదమ్ముల పశువుల పొలానికి స్నేహితులు చుట్టపుచూపుగా వచ్చి, వారాల తరబడి ఉండిపోయేవారట. చివరికి వాళ్లే "మా తిండి ఖర్చు మేం ఇస్తాం" అనడంతో ఈ వ్యాపారం మొదలైంది. ఇస్త్రీ బట్టలతో దిగే పట్నం వాళ్లను పల్లె జనం వేళాకోళంగా 'డ్యూడ్' అనేవారు. అందుకే వీటికి డ్యూడ్ రాంచ్‌లని పేరొచ్చింది. 1926లో ఈ రాంచ్‌ల వాళ్లు సంఘం కూడా పెట్టుకున్నారు. మేం వెళ్లిన వికెన్‌బర్గ్ ఊరు ఒకప్పుడు వీటికి రాజధాని అనిపించుకుంది. ఫీనిక్స్ నుంచి కారులో గంట పైచిలుకు ప్రయాణం.

ఎడారి అంటే ఇసుక దిబ్బలే అనుకున్నాను. ఇది అలా కాదు. ఎటు చూసినా కొండలు, ముళ్ల పొదలు, వాటి మధ్య స్తంభాల్లాంటి సగువారో జెముడు చెట్లు. నలభై అడుగుల ఎత్తు కూడా పెరుగుతాయి. కొమ్మ వెయ్యడానికే యాభై, డెబ్బై అయిదేళ్లు పడుతుందట! "అయితే నాకింకా టైముందన్నమాట" అన్నాను. చెల్లాయి పడీ పడీ నవ్వింది.

అందరి ముందూ బరువు చెప్పాలా?

వెళ్లగానే మొదటి ప్రశ్న, "మీ బరువెంత?" నాకు ప్రాణం చచ్చిపోయింది. డెబ్బై ఆరు కిలోలు. చెల్లాయి చెవిలో చెప్పాను. తీరా చూస్తే అది మన సిగ్గు కోసం కాదు, గుర్రం నడుము కోసం! మనిషి బరువుకు తగిన గుర్రాన్ని ఇస్తారు. నాకు పెన్నీ అనే ముసలి ఆడగుర్రం వచ్చింది. దాని వీపు నా తలంత ఎత్తుంది.

గుర్రాలు చూసుకునే ఆవిడకు అరవై ఏళ్లుంటాయి. ముందు జాగ్రత్తలు చెప్పింది. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక ఉన్నవి దానికి కనబడవు. అందుకే వెనక నుంచి వెళ్లకూడదు. మాట్లాడుతూ భుజం వైపు నుంచి వెళ్లాలి. ఎక్కడం ఎడమ పక్క నుంచే. నాలాంటి వాళ్ల కోసం మెట్ల పీట వేశారు, బతికిపోయాను.

ఎక్కానన్న మాటే గానీ, పగ్గాలు రెండు చేతులతో బిగబట్టి కూర్చున్నాను. నేను లాగేకొద్దీ పెన్నీ తల విదిలించింది, వెనక్కి నడిచింది. నాకేమో కేకలు. పదిహేను నిమిషాల్లో దింపెయ్యమన్నాను.

మర్నాడు పొద్దున, "నేను రాను, నువ్వెళ్లు" అన్నాను. చెల్లాయి బూట్లు వేసుకుంటూ తల ఎత్తకుండా, "నాన్న నాకు సైకిలు కొన్నప్పుడు వెనకాల పట్టుకుని పరిగెత్తింది నువ్వే కదక్కా. ఒక్కసారి కూడా ఎక్కుతానని అడగలేదు" అంది.

అడగలేదని ఎవరన్నారు? అది పుట్టకముందు సంగతి కాదు గానీ, దానికి ఊహ తెలియని రోజుల్లో అడిగాను. "ఆడపిల్లవి, పడితే కాలో చెయ్యో విరుగుతుంది. రేపు పెళ్లి కావద్దూ" అన్నారు నాన్నగారు. మళ్లీ అడగలేదు. ఇంటర్ అవగానే పెళ్లయింది. ఇప్పటికీ నాకు సైకిలు రాదు, స్కూటీ రాదు. నాన్నగారిని తప్పుపట్టను. ఆ రోజులు అలాంటివి. కానీ చెల్లాయి ఇన్నేళ్లు ఆ మాట మనసులో పెట్టుకుందని నాకు తెలియదు. మాట్లాడకుండా లేచి బూట్లు వేసుకున్నాను.

పగ్గం వదిలితేనే నడక

ఆ రోజు ఆ పెద్దావిడ నా రెండో చెయ్యి తీసి తొడ మీద పెట్టించింది. అక్కడి పద్ధతిలో పగ్గాలు ఒక్క చేతితోనే పట్టుకుంటారు. ఎడమకు వెళ్లాలంటే చెయ్యి ఎడమకు జరిపితే చాలు, పగ్గం మెడకు తగిలి గుర్రం తిరుగుతుంది. లాగక్కర్లేదు. రికాబులో పాదం ముందు భాగమే ఉంచి, మడమ కిందికి దించాలి. చూపు గుర్రం చెవుల మధ్య నుంచి దూరంగా పెట్టాలి. కిందికి చూస్తే మన ఒళ్లూ కిందికే వంగుతుంది. ఊపిరి బిగబడితే గుర్రం కూడా బెదురుతుందట.

నేను ఊపిరి వదిలాను. పెన్నీ నడిచింది. అంతే!

ఎండిన వాగులో గంటన్నర తిరిగాం. నా ప్యాంటుకు చోయా అనే ముళ్లచెట్టు ముక్క పట్టుకుంటే, ఆవిడ జేబులోంచి తల దువ్వుకునే దువ్వెన తీసి ఎగరగొట్టేసింది. చేత్తో లాగితే వేళ్లకు గుచ్చుకుంటుందట. మూడోరోజు కొండ మీదికి ఎక్కాం. దౌడు తీయించలేదు. నాకు ఆ ఆశా లేదు. కొండ మీద చెల్లాయి వెనక్కి తిరిగి, "పట్టుకోనా అక్కా?" అంది. "అక్కర్లేదు" అన్నాను.

మీరూ వెళ్లాలనుకుంటే...

* వేసవిలో అక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లండి. రాత్రుళ్లు మాత్రం చలి, స్వెటర్ తప్పదు.

* జీన్స్ ప్యాంటు, కొద్దిగా మడమ ఉన్న బూట్లు వేసుకోండి. మడమ లేకపోతే పాదం రికాబులోంచి దూరిపోయే ప్రమాదం ఉంది. చున్నీ వద్దు. గాజులు తీసెయ్యండి, మంగళసూత్రం లోపలికి వేసుకోండి.

* హెల్మెట్ అడిగి పెట్టుకోండి. కొప్పు ఉంటే పట్టదు, కిందికి జడ వేసుకోండి.

* శాకాహారులైతే ముందే చెప్పండి. అక్కడి చిక్కుడు గింజల కూరలో కొన్నిచోట్ల పంది కొవ్వు వేస్తారు. అడగనిదే తినకండి. నేను గోంగూర పచ్చడి, కందిపొడి పట్టుకెళ్లాను. అవే కాపాడాయి.

* గాలి పొడిగా ఉంటుంది, చెమట తెలియదు. దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగుతుండండి. పెదవులకు కొబ్బరినూనె రాసుకోండి.

* నడుం నొప్పి, ఎముకల బలహీనత ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే వెళ్లండి. గర్భిణులు అసలే ఎక్కవద్దు. నెల ముందు నుంచి నడక, రోజూ కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేవడం మొదలుపెట్టండి. తొడలు లేకపోతే రెండోరోజు మంచం దిగలేరు!

* ఖర్చు ఎక్కువే. గది, భోజనాలు, స్వారీ కలిపి ఒక్క రాత్రికి మన ఇంటి నెల సరుకుల ఖర్చు దాటిపోతుంది. అంతదూరం ఎందుకనుకుంటే మన హైదరాబాదులోనే గండిపేట, మొయినాబాద్ వైపు స్వారీ నేర్పే చోట్లున్నాయి. పెద్దవాళ్లకు నేర్పుతారా, హెల్మెట్ ఇస్తారా కనుక్కుని వెళ్లండి.

తిరిగొచ్చాక ఓ సాయంత్రం కూరలు తెస్తుంటే బారాత్ ఎదురైంది. పెళ్లికొడుకు ఇంకా ఎక్కలేదు, గుర్రం ఓ పక్కన నిలబడి ఉంది. రోడ్డు దాటి, భుజం వైపు నుంచి మెల్లగా మాట్లాడుతూ వెళ్లి మెడ నిమిరాను. పట్టుకున్న కుర్రాడు ఆశ్చర్యంగా, "అమ్మా, భయమైతలేదా?" అన్నాడు.

"అయితుంది బాబూ" అన్నాను. చెయ్యి మాత్రం తియ్యలేదు.