తెలుగు టైటాన్స్‌లో తెలుగు ఎంత?

పామర్రు నుంచి మళ్లీ మీ ముందుకి వచ్చేశాను. ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న మాట్లాడుకుందాం. మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడు మొన్న అడిగాడు: "అన్నా, టైటాన్స్ మన టీమ్, మన టీమ్ అంటావు కదా, అందులో మనోళ్లు ఎవరున్నారు?" ప్రశ్న చిన్నదే గానీ, జవాబు చెప్పాలంటే ఒక టీమ్ ఎలా పుడుతుంది, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, కుర్రాళ్లు ఎక్కడ తయారవుతారు, ఇవన్నీ చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

ముందు పేరు సంగతి. ఆంధ్రప్రదేశ్ రెండుగా విడిపోయింది 2014 జూన్ 2న. ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది అదే ఏడాది జూలై 26న. అంటే రెండు నెలలు కూడా కాలేదు. మొదటి సీజన్‌లో ఎనిమిది టీములు. పాట్నా, ఢిల్లీ, జైపూర్, పుణె, ముంబై, బెంగళూరు, ఇలా దాదాపు అన్నీ సిటీ పేర్లే. బెంగాల్ ఒక్కటి ప్రాంతం పేరు పెట్టుకుంది. భాష పేరు పెట్టుకున్నది మన టీమ్ ఒక్కటే. (తమిళ్ తలైవాస్ 2017లో వచ్చింది లెండి.) రెండు రాష్ట్రాలైనా మాట ఒకటే కాబట్టి ఆ పేరు ఇటూ సరిపోయింది, అటూ సరిపోయింది. మ్యాచ్‌లు మాత్రం కొన్నిసార్లు విశాఖలో, కొన్నిసార్లు హైదరాబాద్ గచ్చిబౌలిలో. మా పామర్రు నుంచి రెండూ మూడొందల కిలోమీటర్లు పైమాటే. బెజవాడలో ఒక్క మ్యాచ్ కూడా పెట్టలేదు. కాబట్టి మా డెల్టా కుర్రాళ్లకి టైటాన్స్ అంటే ఫోన్‌లో కనిపించే టీమ్, అంతే.

ఇక్కడ ఒకసారి ఫిలిప్పీన్స్ వెళ్లొద్దాం. ఎందుకంటే "మన టీమ్" అనే ముచ్చట వాళ్ల దగ్గర ఇంకా తేటగా కనిపిస్తుంది. మనకి క్రికెట్ ఎంతో వాళ్లకి బాస్కెట్‌బాల్ అంత. సందు సందుకీ ఒక రింగు ఉంటుంది. అక్కడి పెద్ద లీగ్ పేరు పీబీఏ, 1975లో మొదలైంది, ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అదే. తమాషా ఏంటంటే అందులో టీములకి ఊరు పేర్లు ఉండవు, కంపెనీ పేర్లు ఉంటాయి. శాన్ మిగెల్ బీర్‌మెన్ అని ఒకటి, అది బీరు కంపెనీ. జినెబ్రా అని ఇంకోటి, అది జిన్ను బ్రాండు. జనం వాటినే ప్రాణంగా అభిమానిస్తారు, అది వేరే సంగతి. కానీ మాది ఫలానా జిల్లా, మా జిల్లా టీమ్ ఆడుతోంది అనే ముచ్చట అక్కడ లేదు. ఆ లోటు తీర్చడానికి 1998లో ఊళ్ల పేర్లతో ఎంబీఏ అని ఒక లీగ్ పెట్టారు. డబ్బు చాలక 2002లో మూతపడింది.

ఆ తర్వాత 2017లో బాక్సర్ మానీ పాకియావో ఎంపీబీఎల్ అనే లీగ్ స్థాపించాడు. ఆట 2018 జనవరిలో మొదలైంది. ఇందులో అన్నీ ఊళ్ల టీములు, జిల్లాల టీములు. పేర్లు వింటే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. చెప్పులు, బూట్లు కుట్టే మరికీనా ఊరి టీమ్ షూమాస్టర్స్. కొబ్బరి పండే కెసోన్ టీమ్ హస్కర్స్, అంటే పీచు ఒలిచేవాళ్లు. చేనేతకి పేరున్న ఆబ్రా టీమ్ వీవర్స్. వరి పండించే నుయేవా ఎసిహా అనే జిల్లా ఉంది, ఫిలిప్పీన్స్‌కి అన్నపూర్ణ అంటారు దాన్ని. ఆ టీమ్ పేరు రైస్ వాన్‌గార్డ్స్. మన మాటలో చెప్పాలంటే వరి దండు. 2022లో కప్పు వాళ్లదే, ఫైనల్లో ఓడింది సార్డీన్ చేపలకి పేరున్న జాంబోఆంగా టీమ్. వాన్‌గార్డ్స్ సొంత స్టేడియం ఆ జిల్లాలోనే పాలాయన్ అనే చిన్న సిటీలో ఉంది. మనకి వరి దండు అని టీమ్ పెట్టి, గుడివాడలో ఇండోర్ స్టేడియం కట్టి, ఉయ్యూరు నుంచి, మచిలీపట్నం నుంచి బస్సులేసుకుని జనం వచ్చారనుకోండి. ఊహించుకోడానికే బావుంది కదా.

అయితే అక్కడా అంతా పూలబాట ఏం కాదు. ఊరి టీములు చాలావరకు స్థానిక నాయకుల అండ మీద, ఊళ్లోని స్పాన్సర్ల డబ్బు మీద నడుస్తాయి. నాయకుడు మారితే, స్పాన్సర్ చెయ్యెత్తేస్తే టీమ్ పేరు మారుతుంది, ఒక్కోసారి టీమే ఉండదు. మంచి సంగతి ఏంటంటే సొంత ఊరి కుర్రాళ్లకి చోటివ్వడం ఆ లీగ్ మొదట్నుంచీ పట్టించుకుంది. దాంతో కోర్టులో దిగినవాళ్లలో ఒకడన్నా పక్క వీధి వాడై ఉంటాడు.

సరే, తిరిగి మన దగ్గరికి. బాస్కెట్‌బాల్‌లో మనకీ ఒక ప్రయత్నం జరిగింది. యూబీఏ అనే లీగ్ 2015లో మొదలైంది, అందులో హైదరాబాద్ స్కై అని టీమ్ ఉండేది. 2017 తర్వాత ఆ లీగే ఆగిపోయింది. మీలో ఎంతమంది ఆ పేరు విన్నారు? అదీ సంగతి. కబడ్డీ మాత్రం నిలబడింది, కారణం టీవీ. లీగ్ నడిపే మషాల్ స్పోర్ట్స్‌లో స్టార్ సంస్థకి పెద్ద వాటా. ప్రసారం వల్ల, స్పాన్సర్ల వల్ల వచ్చే డబ్బే అసలు ఇంధనం. సొంతూరి స్టేడియం టికెట్ల మీద బతకాల్సిన పని లేదు కాబట్టి, సీజన్ మొత్తం రెండు మూడు సిటీల్లో ఆడించేసినా బండి నడుస్తుంది. 2021-22 సీజన్ అయితే కోవిడ్ వల్ల మొత్తం బెంగళూరులోనే, అదీ జనం లేకుండా ఆడించారు.

ఇక ఆటగాళ్లు. వాళ్లని వేలంలో కొంటారు. మన టీమ్‌కి మొదటి స్టార్ రాహుల్ చౌదరి, 2014 నుంచి 2018 దాకా ఆరు సీజన్లు టైటాన్స్‌కే ఆడాడు. ఊరు ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. 2019లో కోటీ 45 లక్షలు పెట్టి కొన్న సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్ర కుర్రాడు. తర్వాత వచ్చిన పవన్ సెహ్రావత్ ఢిల్లీ వాడు. వీళ్లని తప్పు పట్టడం లేదు నేను. రాహుల్ కూతకెళ్తుంటే మా ఊళ్లో కుర్రాళ్లు టీవీ ముందు ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆడినన్నాళ్లూ ఒళ్లు దాచుకోకుండా ఆడాడు.

కానీ వేలం లెక్క ఒకటి చూడండి. పదో సీజన్‌కి ఒక్కో టీమ్ ఖర్చు పెట్టగలిగేది 5 కోట్లు. పవన్ ఒక్కడికే టైటాన్స్ పెట్టింది 2 కోట్ల 60 లక్షల 50 వేలు. సగం పైన ఒక్కడికే! మిగతా జట్టంతా మిగిలిన సొమ్ములో సర్దుకోవాలి. కబడ్డీలో ఏడుగురు కలిసి పట్టు పట్టాలి, ఒక్కడు ఎంత బాగా కూతకెళ్లినా వెనక డిఫెన్స్ లేకపోతే పాయింట్లు కారిపోతుంటాయి. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకి 2 గెలిచాం. అంతకుముందు సీజన్‌లో 2, దానికి ముందు 1. మొత్తం 66 మ్యాచ్‌ల్లో 5 గెలుపులు, వరసగా మూడుసార్లు ఆఖరి స్థానం. ఇంకా మంట పుట్టించే ముక్క: 2024 మార్చి 1న ఆ సీజన్ ఫైనల్ జరిగింది మన హైదరాబాద్‌లోనే. గెలిచింది పుణెరి పల్టన్. వాళ్లూ ఇరాన్ ఆటగాడు షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పెట్టారు. అయితే చుట్టూ కొన్నేళ్లుగా అట్టిపెట్టుకున్న కుర్రాళ్లున్నారు. కెప్టెన్ అస్లాం ఇనాందార్ మహారాష్ట్రలోని అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా వాడు. ఊరి కుర్రాడు కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు, మన గడ్డ మీద. ఆ రాత్రి నాకు కడుపు మండిన మాట నిజం.

తర్వాత టైటాన్స్ తేరుకుంది. పదకొండో సీజన్‌లో 12 గెలిచి, ఏడో స్థానంతో కొద్దిలో ప్లేఆఫ్స్ మిస్సయింది. 2025లో విజయ్ మాలిక్ కెప్టెన్సీలో ఫైనల్‌కి ఒక్క మ్యాచ్ దూరం దాకా వెళ్లింది, అక్కడ మళ్లీ పుణె చేతిలోనే 50-45తో ఓడింది. ఆ సీజన్ మొదటి మ్యాచ్ ఆగస్టు 29న విశాఖలో పెట్టారు. అంటే ఆట బాగుపడింది. మా వీధి కుర్రాడి ప్రశ్న మాత్రం అలాగే ఉంది, విజయ్ మాలిక్ కూడా హర్యానా వాడే.

మనోళ్లు ఎందుకు తక్కువ? రక్తంలో ఏదో లోటుందని ఎవరైనా అంటే నమ్మకండి. సంక్రాంతికి మా చుట్టుపక్కల ఊళ్లలో లైట్లు పెట్టి ఆడే కబడ్డీ పోటీలు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. తేడా మట్టికీ మ్యాట్‌కీ ఉంది. మనవాళ్లు మట్టిలో ఆడతారు, ఒట్టి కాళ్లతో. లీగ్ ఆడేది సింథటిక్ మ్యాట్ మీద, బూట్లు వేసుకుని. పట్టు వేరు, జారుడు వేరు, చీలమండ పట్టుకునే తీరు వేరు. పదహారేళ్లకే మ్యాట్ అలవాటైన హర్యానా కుర్రాడు, ఇరవయ్యేళ్లకి మొదటిసారి మ్యాట్ ఎక్కిన మనవాడు సమానం ఎలా అవుతారు? రెండోది, అక్కడ కబడ్డీ ఆడితే రైల్వేలోనో, పోలీసులోనో, ఆర్మీలోనో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంట్లోవాళ్లకి తెలుసు. అందుకే పొలం పని మానిపించి మరీ పంపుతారు. మన దగ్గర అదే వయసు కుర్రాణ్ణి ఇంటర్ కాలేజీ హాస్టల్లో పెట్టి ఈఏపీసెట్‌కి రుద్దుతున్నాం.

అందుకని నేను టైటాన్స్ వాళ్లని ఉచితంగా టీషర్టులు పంచమని అడగను. వేలంలో పెట్టే కోట్లలో ఒక చిన్న ముక్కతో డెల్టాలో నాలుగు హైస్కూళ్లకి మ్యాట్లు వేయిస్తే చాలు. ఈలోపు ఆడాలనుకునే కుర్రాళ్లకి ఒక మాట. జిల్లా కబడ్డీ సంఘం జూనియర్ సెలెక్షన్స్ ఎప్పుడు పెడుతుందో మీ పీఈటీ సార్‌ని అడిగి కనుక్కోండి. జిల్లా, అక్కణ్ణుంచి రాష్ట్రం, ఆ తర్వాత జూనియర్ నేషనల్స్, వరస అది. లీగ్ టీములు న్యూ యంగ్ ప్లేయర్స్ పేరుతో తీసుకునే కొత్తవాళ్లని వేలంతో పని లేకుండా తీసుకుంటాయి, వాళ్ల కళ్లు ఉండేది ఆ పోటీల మీదే. బరువు కూడా చూసుకోండి, లీగ్‌లో 85 కిలోలు దాటకూడదు. బిర్యానీ పాయింట్ల దగ్గర మకాం పెట్టే మా బ్యాచ్‌కి అదొక్కటే కష్టం. సరే, వచ్చే ఎపిసోడ్‌లో మట్టి ఆటకీ మ్యాట్ ఆటకీ తేడా చేసి చూపిస్తాను, బూట్లు కూడా పట్టుకొస్తాను. ఉంటాను మరి.