బ్యాకప్ ఉంది కదా?

పెళ్ళిలోనో, సత్యనారాయణ వ్రతంలోనో ఎవరైనా "మీరు కంప్యూటర్లలోనే కదండీ పని?" అని అడిగారంటే తరవాతి మాట ఏమిటో నాకు ముందే తెలుసు. వాళ్ళ లాప్‌టాప్ ఈ మధ్య కొంచెం స్లోగా ఉంటోంది. లేదా ప్రింటర్ వైర్‌లెస్‌లో కనబడటం లేదు. ఇది మీలో చాలామందికి అనుభవమే అయ్యుంటుంది. మీరైతే "నేను డేటాబేస్ మనిషినండీ, ప్రింటర్లు నాకు తెలీవు" అని నవ్వేసి పులిహోర వైపు వెళ్ళిపోవచ్చు. నాకు ఆ వీలు లేదు. నా బతుకుతెరువే అది.

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఓ పాతిక చిన్న ఆఫీసుల కంప్యూటర్లు నేను చూసుకుంటాను. పళ్ళ డాక్టర్లు, టాక్సులు చేసే ఆడిటర్లు, రెండు మోటెళ్ళు, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు. కంపెనీ అంటే నేనూ, ఒక పార్ట్‌టైమ్ కుర్రాడూ, ఒక పాత వ్యానూ. 1998లో వై2కె పుణ్యమా అని అందరితో పాటు వచ్చాను. 2009 జనవరిలో అందరితో పాటు ఉద్యోగం పోయింది. అప్పటికి గ్రీన్ కార్డు చేతిలో ఉంది, మా ఆవిడ ఉద్యోగంలో హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. ఈ రెంటిలో ఏది లేకపోయినా నేను ఈ పనిలోకి వచ్చేవాణ్ణి కాదు. ధైర్యం చేశావని చాలామంది మెచ్చుకున్నారు గానీ, నిజానికి ఆ ధైర్యం మా ఆవిడ పే స్టబ్‌లో ఉండేది. అన్నట్టు, హెచ్-1 మీద ఉన్నవాళ్ళు శని ఆదివారాల్లో ఇలాంటి పని చేసి డబ్బు తీసుకోవడం కుదరదు. ఎవరి పేరు మీద వీసా ఉందో వాళ్ళ దగ్గరే పని చెయ్యాలి. ఆశపడి చిక్కుల్లో పడకండి.

మొదట్లో గంటకు 75 డాలర్లు తీసుకునేవాణ్ణి. గంటకు 75 అంటే ఏడాదికి ఎంతో మనసులో లెక్క వేసుకుని మురిసిపోయాను కూడా. ఆ లెక్కలో నేను మరచిపోయినవి చాలా ఉన్నాయి. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కారులో గడిపే గంటకు ఎవరూ డబ్బివ్వరు. బిల్లు పంపాక నెలకి గానీ చెక్కు రాదు, కొందరి దగ్గర నుంచి మూడు నెలలకి. ఇక టాక్సు సంగతి. ఉద్యోగంలో ఉన్నప్పుడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లలో సగం కంపెనీ కడుతుంది. ఆ సంగతి మనం పట్టించుకోం. సొంతంగా చేసుకునేవాడు ఆ రెండు సగాలూ తనే కట్టాలి, మొత్తం 15.3 శాతం. పైన మామూలు ఇన్‌కమ్ టాక్సు ఎలాగూ ఉంది. అదీ ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల్లో నాలుగు విడతలుగా అంచనా వేసుకుని మనమే పంపాలి. మొదటి ఏడాది ఈ విడతల సంగతి నాకు తెలీదు. పెనాల్టీతో సహా తెలిసింది.

ఆ తెలియజెప్పినాయనే ఈ కథలో ముఖ్యుడు. ఆయన్ని ఆడిటర్ గారు అనే పిలుస్తాను. మా నెల్లూరు వైపాయన, అప్పటికి అరవై దాటిన మనిషి. నా టాక్సు సరిచేసిపెట్టి, "మా ఆఫీసు కంప్యూటర్లు చూడవయ్యా" అని 2010లో నాకు పని ఇచ్చారు. ఆయన, కింద ముగ్గురు, ముందు కూర్చుని ఫోనెత్తే ఒక అమ్మాయి. ఒక చిన్న సర్వర్ పెట్టి అందులో డి డ్రైవ్ మీద టాక్సు సాఫ్ట్‌వేర్ డేటా ఉంచాను. 2012లో స్కాన్ చేసిన కాగితాలు ఎక్కువైపోతే ఇ డ్రైవ్ ఒకటి చేర్చాను.

బ్యాకప్ ఎలా పెట్టానో చెప్పాలి. విండోస్‌తో వచ్చే సర్వర్ బ్యాకప్ వాడితే యూఎస్‌బీ డిస్కులో ఫైళ్ళు మామూలుగా కనబడవు. ఆడిటర్ గారికేమో కళ్ళతో చూసుకుంటే గానీ నమ్మకం కుదరదు. అంచేత రోబోకాపీతో చిన్న స్క్రిప్టు రాశాను. రోజూ రాత్రి 11 గంటలకు సర్వర్లో ఉన్నదంతా యూఎస్‌బీ డిస్కులోకి అచ్చుగుద్దినట్టు మిర్రర్ చేస్తుంది. ఇక్కడ ఏది మారితే అక్కడా అది మారుతుంది, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. పొద్దున్నే ఆయన ఫోల్డర్ తెరిచి తారీఖు చూసుకుని "బ్రహ్మాండం" అనేవారు. నేనూ అదే అనుకున్నాను. లోపం ఎక్కడుందో మీరీపాటికి పట్టేసి ఉంటారు. నాకు పట్టడానికి మూడేళ్ళు పట్టింది.

2013 అక్టోబరు 4, శుక్రవారం. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ముందు కూర్చునే అమ్మాయి, పార్సెల్ వచ్చిందంటూ వచ్చిన ఈమెయిల్లో జిప్ ఫైలు తెరిచింది. కాసేపటికి తెర మీద ఎర్రటి పెట్టె వచ్చింది. మీ ఫైళ్ళకు తాళం వేశాం, 72 గంటల్లో 300 డాలర్లు కట్టండి, లేకపోతే తాళంచెవి నాశనం చేస్తాం అని. పాపం ఆ అమ్మాయి భయపడి కంప్యూటర్ ఆపేసి, సోమవారం నాకు చెబుదామనుకుని ఇంటికి వెళ్ళిపోయింది. అది క్రిప్టోలాకర్. ఆ సెప్టెంబరులోనే బయటికొచ్చింది. అది ఆ ఒక్క కంప్యూటర్‌తో ఆగేది కాదు. నెట్‌వర్క్‌లో డ్రైవ్ అక్షరం ఇచ్చి తగిలించిన ప్రతి ఫోల్డర్లోకీ పోయి డాక్యుమెంట్లూ, ఎక్సెల్ షీట్లూ, ఫొటోలూ వరసగా తాళాలు వేసుకుంటూ వెళుతుంది. ఫైలు పేరు మారదు. తెరిస్తే చెత్త.

రాత్రి 11 గంటలకు నా స్క్రిప్టు టంచనుగా లేచింది. సర్వర్లో మారిన ఫైళ్ళు చూసింది, మారినవాటిని డిస్కులోకి కాపీ చేసింది. మంచి కాపీల మీద పాడైన కాపీలు, నా చేత్తో నేనే పేర్చినట్టు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఫోను. నెట్‌వర్క్ తీగ పీకి ఆ కంప్యూటర్ ఆన్ చేస్తే, గడువు ఏడు గంటలే మిగిలింది. ఎక్స్‌టెన్షన్ మీద ఉన్న రిటర్నులకి ఆఖరి రోజు అక్టోబరు 15. ఆయన దగ్గర ఇంకా 38 మిగిలి ఉన్నాయి. అప్పుడు ఫెడరల్ ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉంది. ఐఆర్‌ఎస్‌లో ఫోనెత్తేవాడు లేడు గానీ గడువు మాత్రం ఒక్కరోజు జరగలేదు!

ఆడిటర్ గారు కంగారు పడలేదు. "బ్యాకప్ ఉంది కదా?" అన్నారు.

యూఎస్‌బీ డిస్కు నా లాప్‌టాప్‌కి తగిలించాను. ఒక ఫైలు తెరిచాను, రెండోది, పదోది. తరవాత బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్కడ నిలబడి ఆలోచించింది డేటా గురించి కాదు. వైరస్ డిస్కులోకి కూడా పాకిందని చెబితే ఆయనకేం తెలుస్తుంది? అబద్ధం అనడానికి కూడా లేదు. ఆ రోజుల్లో చాలాచోట్ల అలాగే జరిగింది. ఆయన నమ్ముతారు, నాకు జాలి చూపిస్తారు, ఇంకో గంటకు 75 డాలర్లు ఇస్తారు.

బయటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. తాళం వేసింది ఆ దొంగలే గానీ, బ్యాకప్ పాడు చేసింది నా స్క్రిప్టు అని.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగారు. "ఈ మూడేళ్ళలో ఒక్కసారైనా ఒక ఫైలు వెనక్కి తీసి చూశావా?"

"లేదండీ."

"మేము బ్యాంకు స్టేట్‌మెంట్ టాలీ చెయ్యకుండా సంతకం పెడతామా?"

ఆ మాట ఆయన గట్టిగా కూడా అనలేదు.

డబ్బు కట్టేద్దామా అన్నది తరవాతి ప్రశ్న. "మూడొందలే కదయ్యా" అన్నారు ఆయన. నేనే కడతానన్నాను. మందుల షాపులో ప్రీపెయిడ్ కార్డు కొని ఆ నంబరు వాళ్ళకి పంపాలి. కడితే కొందరికి తాళంచెవి వస్తోందనీ, కొందరికి రావడం లేదనీ విన్నాను. ఈలోగా, బండి స్టార్ట్ చేసి ఇంకా కదలకముందు, షాడో కాపీల సంగతి గుర్తొచ్చింది. విండోస్ సర్వర్‌కి ఒక మంచి అలవాటుంది. షాడో కాపీలు ఆన్ చేసి ఉంటే, మామూలుగా పని రోజుల్లో పొద్దున ఏడుకీ, మధ్యాహ్నం పన్నెండుకీ డ్రైవ్‌కి ఒక నీడ తీసి దాచుకుంటుంది. సర్వర్ పెట్టిన రోజున అలవాటుగా డి డ్రైవ్‌కి అది ఆన్ చేశాను. చేసి మరచిపోయాను కూడా. వెనక్కి పరుగెత్తాను. శుక్రవారం పన్నెండు గంటల నీడ చెక్కుచెదరకుండా ఉంది. 38 రిటర్నులూ దొరికాయి, ఒక్క మధ్యాహ్నం చేసిన పని తప్ప.

ఇ డ్రైవ్‌కి మాత్రం ఆన్ చెయ్యలేదు. 2012లో ఎవరో చేర్చారు కదా, ఆ ఎవరో నేనే. స్కాన్ చేసిన డబ్ల్యూ-2లూ, 1099లూ అన్నీ పోయాయి. డబ్బు కట్టలేదు. ఆ వారం రోజులూ నేనూ ఆ అమ్మాయీ ఫోన్లు చేసి, క్లయింట్లని బతిమాలి, వాళ్ళు తెచ్చిన కాగితాలు మళ్ళీ స్కాన్ చేశాం. 15న రాత్రి పదిన్నరకి ఆఖరి రిటర్న్ వెళ్ళింది. నేను బిల్లు పంపలేదు. ఆయనా అడగలేదు.

దీనికి ఒక కొసమెరుపు ఉంది. తాళం పడిన ఆ డిస్కుని పారెయ్యకుండా మా బేస్‌మెంట్లో ఉంచాను. 2014 జూన్‌లో అమెరికా, యూరప్ పోలీసులు కలిసి 'ఆపరేషన్ టోవార్' పేరుతో ఆ ముఠా నెట్‌వర్క్‌ని కూల్చారు. ఆగస్టులో ఫైర్‌ఐ, ఫాక్స్-ఐటీ కంపెనీలు ఆ తాళంచెవుల్ని జనానికి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాయి. ఎవరి రహస్యాలూ లేని ఒక ఫైలు పంపితే మా తాళంచెవి వచ్చింది. స్కాన్లన్నీ తెరుచుకున్నాయి. పరుగున వెళ్ళి చెబితే ఆడిటర్ గారు "ఇప్పుడెందుకయ్యా?" అన్నారు. తాళం పడిన డిస్కు ఎప్పుడూ పారెయ్యకండి, అంతే నేను నేర్చుకున్నది.

ఆ తరవాత వ్యాపారం పద్ధతే మార్చాను. గంటల లెక్కలో ఒక వంకర ఉంది. వాళ్ళ కంప్యూటర్లు పాడైతేనే నాకు తిండి, బాగుంటే పస్తు. బ్యాకప్ పరీక్ష చేస్తానంటే "దానికి కూడా బిల్లు వేస్తావా?" అనేవారు. అంచేత చేసేవాణ్ణి కాదు. ఇప్పుడు ఒక్కో కంప్యూటర్‌కి నెలకింత అని ఒప్పందం. ఇద్దరు క్లయింట్లు ఒప్పుకోక వెళ్ళిపోయారు. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఆఫీసుకి బయట అన్న పాత సూత్రం మీకు తెలిసిందే. దానికి నేను చేర్చుకున్నది ఒకటే, ఒక కాపీకి ఏ కంప్యూటర్ నుంచీ డ్రైవ్ అక్షరం ఉండకూడదు. వృత్తిలో పొరపాట్లకి ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ ఇన్సూరెన్సు కూడా తీసుకున్నాను. 2013 దాకా అది లేకుండానే బతికానంటే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది. పళ్ళ డాక్టర్ల దగ్గర పని చేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2013 సెప్టెంబరు 23 నుంచి హిపా చట్టం కింద మనలాంటి బిజినెస్ అసోసియేట్లు కూడా నేరుగా జవాబుదారీ.

ఆదాయం మాట? సర్వర్లు అమ్మి, ఈమెయిల్ పెట్టే పని క్లౌడ్‌తో పోయింది. మైక్రోసాఫ్ట్ స్మాల్ బిజినెస్ సర్వర్ 2011తోనే ఆ వరసకి మంగళం పాడేసింది. దాని చోట కాగితం పని వచ్చింది. టాక్సులు చేసేవాళ్ళందరికీ రాతపూర్వకమైన సెక్యూరిటీ ప్లాన్ ఉండాలి. ఎఫ్‌టీసీ సేఫ్‌గార్డ్స్ రూల్‌లో కొత్త షరతులు 2023 జూన్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. 2025 అక్టోబరులో విండోస్ 10కి సపోర్టు ముగిసినప్పుడు నాలుగు నెలలు ఊపిరాడలేదు. 2021 జులైలో కసేయా వ్యవహారం మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. మావంటివాళ్ళు దూరం నుంచి క్లయింట్లని చూసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్‌లోంచే దొంగలు దూరారు. పదిహేను వందల దాకా వ్యాపారాలు దెబ్బతిన్నాయి. నేను వాడేది అది కాదు. అంతకుమించి అందులో నా గొప్పేం లేదు. పాతిక ఆఫీసుల తాళాలూ నా జేబులోనే ఉన్నాయని ఆ రోజున తెలిసొచ్చింది.

ఆడిటర్ గారు ఇప్పుడు రిటైరయ్యారు. ఆఫీసు ఆయన కూతురు చూసుకుంటోంది. ప్రతి నెలా మొదటి శనివారం నేను ఒక్కో ఆఫీసు బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తీసి, తెరిచి చూసి, కాగితం మీద రాసి క్లయింటుకి పంపుతాను. ఆఫీసు తనది కాకపోయినా ఆ పెద్దాయన మధ్యాహ్నం ఫోను చేస్తారు.

"ఏ ఫైలు తీశావయ్యా?"

చెబుతాను. "సరే" అని పెట్టేస్తారు.