గొర్రె ఇస్తా... ఇటుక ఇస్తావా?

పాచిక ఎలా పడితే అలా నడిచే ఆటలు కావివి. మధ్యలో ఓడినవాళ్లు లేచి పోవాల్సిన పనీ లేదు. నలుగుర్ని ఓ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, బేరాలాడించి, వ్యూహాలు పన్నించి గంటల్ని నిమిషాల్లా కరిగించేస్తాయి. పెద్దవాళ్లను మళ్లీ ఆటల దారి పట్టిస్తున్న కొత్తతరం బోర్డు గేముల సంగతులివి.

'రెండు గొర్రెలిస్తా... ఒక ఇటుక ఇస్తావా?'

'అమ్మో, ఇటుకిస్తే నువ్వు రోడ్డేసేస్తావు. గోధుమలైతే ఇస్తా!'

'నాకు ఒక్క గొర్రె చాలు. ఇటుక నేనిస్తా, ఇటు తే!'

ఇదేదో సంతలో బేరం అనుకునేరు. భోజనాల బల్ల చుట్టూ చేరిన పెద్దవాళ్ల ఆట. బల్లమీద పందొమ్మిది ఆరుపలకల అట్టముక్కలతో పేర్చిన ఓ దీవి ఉంటుంది. అడవి నుంచి కలప, కొండ నుంచి ఖనిజం, పొలం నుంచి గోధుమలు, పచ్చిక నుంచి గొర్రెలు, మట్టిగుట్ట నుంచి ఇటుకలు వస్తాయి. వాటితో రోడ్లు వేసుకోవాలి, ఊళ్లు కట్టుకోవాలి. ముందుగా పది పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు. చిక్కేమిటంటే, కావాల్సినవన్నీ ఏ ఒక్కరి దగ్గరా ఉండవు. నెగ్గాలంటే పోటీదారుతోనే బేరమాడుకోవాలి!

ఆ ఆట పేరు కటాన్. ఈనాటి బోర్డు గేముల మోజుకు చాలా దేశాల్లో అదే తొలిమెట్టు.

నేలమాళిగలో పుట్టిన దీవి

కటాన్‌ను తయారుచేసిన క్లాస్ టాయిబర్ పెద్ద కంపెనీ అధిపతేమీ కాదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ దగ్గర కట్టుడు పళ్ల ల్యాబు నడుపుకునేవాడు. పనిలో చికాకులు ఎక్కువై, వాటిని మరిచిపోవడానికి ఇంటి నేలమాళిగలో కూర్చుని ఆటలు కనిపెట్టడం మొదలుపెట్టాడు. నమూనా సిద్ధమైతే తొలి ఆటగాళ్లు భార్యాపిల్లలే. వాళ్లకు విసుగొచ్చిందంటే నియమాలు మార్చాల్సిందే. అలా మెరుగులు దిద్దుకుని 1995లో మార్కెట్లోకొచ్చిన కటాన్, అదే ఏడాది 'స్పీల్ దెస్ యారెస్' అవార్డు గెలుచుకుంది. 'ఈ ఏటి మేటి ఆట' అని దానర్థం. జర్మనీలో 1979 నుంచీ ఇస్తున్న ఈ అవార్డు పెట్టెమీద కనిపిస్తే చాలు, అమ్మకాలు పరుగెడతాయి. 2023లో టాయిబర్ కన్నుమూసేనాటికి కటాన్ సెట్లు మూడు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

ఇంతకీ ఇలాంటి ఆటలు జర్మనీలోనే ఎందుకు వర్ధిల్లాయి? రెండు ప్రపంచ యుద్ధాల చేదు అనుభవం తర్వాత అక్కడి ఇళ్లలో యుద్ధపు బొమ్మలన్నా, యుద్ధపు ఆటలన్నా మునుపటి ఇష్టం పోయింది. దేశాల్ని ఆక్రమించుకునే 'రిస్క్' ఆట జర్మన్ కూర్పులో 1980లలో 'జయించు' అనే మాటే మారిపోయి 'విముక్తం చెయ్యి' అయింది. ఎదుటివాడిది కూలగొట్టడం కన్నా మనది మనం కట్టుకునే ఆటలు అక్కడివాళ్లకు నచ్చాయి.

ఇంకో మంచి గుణమూ ఉంది. మొనోపలీలో దివాలా తీసినవాళ్లు మిగతావాళ్లు ఆడుతుంటే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఈ ఆటల్లో చాలావాటిలో ఆ బెడద లేదు. వెనకబడ్డా చివరిదాకా ఆటలోనే ఉంటారు. 2008లో వచ్చిన 'పాండమిక్' అయితే ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ఆటగాళ్లంతా ఒకే జట్టు. ప్రపంచమంతా పాకుతున్న రోగాలే ప్రత్యర్థి. గెలిస్తే అందరూ గెలుస్తారు, లేదంటే అందరూ ఓడతారు. కరోనాకు పన్నెండేళ్ల ముందే వచ్చిన ఆట ఇది!

చదరంగం మనవలు

మరి యుద్ధపు ఆటలు ఆగిపోయాయా అంటే... లేదు. వాటి వంశవృక్షం వెతికితే మూలాలు మన దగ్గరే తేలతాయి. భారతదేశంలో పుట్టిన చదరంగం పర్షియా మీదుగా ఐరోపా చేరింది. 1780లో జర్మనీలో హెల్‌విగ్ అనే పండితుడు దాని గళ్లు పెంచేసి నదులు, కొండలు, ఫిరంగులు చేర్చాడు. 1824లో రైస్‌విట్జ్ అనే ప్రష్యన్ సైనికాధికారి గళ్లు తీసేసి అసలు మ్యాపుల మీదే ఆడించాడు. తీర్పు చెప్పడానికో మధ్యవర్తి. యుద్ధంలో అన్నీ అనుకున్నట్టు జరగవు కాబట్టి పాచికలు. 'క్రీగ్‌స్పీల్' అనే ఆ ఆట ప్రష్యా సైన్యంలో శిక్షణగా మారింది.

దాన్ని సరదాగా మార్చినవాళ్లలో ఒకరు ప్రఖ్యాత రచయిత హెచ్.జి.వెల్స్. బొమ్మ సైనికులతో నేలమీద ఆడే యుద్ధానికి నియమాలు రాసి 1913లో 'లిటిల్ వార్స్' పేరుతో పుస్తకం వేశాడు. ఇలాంటి ఆట నాలుగుసార్లు ఆడితే అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలిసొస్తుందన్నది ఆయన వాదన. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది!

1954లో అమెరికాలో ఛార్లెస్ రాబర్ట్స్ 'టాక్టిక్స్' ఆటను అట్టపెట్టెలో పెట్టి అమ్మడంతో యుద్ధపు ఆటలు ఇళ్లలోకి నడిచొచ్చాయి. ఇక 1983లో ఇంగ్లండ్‌లో మొదలైన 'వార్‌హామర్' లాంటివాటిలో ఆడటం సగమే. వేలెడంత కూడా లేని సైనికుల బొమ్మల్ని అతికించుకోవాలి, సన్నటి కుంచెతో ఒక్కోదానికీ రంగులద్దాలి. ఓ సైన్యం సిద్ధమవడానికి నెలలు పడుతుంది. ఆట మొదలయ్యాక టేపు పట్టుకుని అంగుళాల లెక్కన కదపాలి. ఓపికతో పాటు జేబూ బరువుగా ఉండాల్సిన హాబీ ఇది.

గచ్చుమీద అట్లాంటిక్

ఆటలేం ఒరగబెడతాయి అనేవాళ్లు వినాల్సిన కథ ఒకటుంది. 1942లో బ్రిటన్‌కు ఆహారం, ఇంధనం తెస్తున్న ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు వరసగా ముంచేస్తున్నాయి. ఉపాయం వెతకమంటూ గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని లివర్‌పూల్ పంపారు. క్షయ కారణంగా నౌకాదళం నుంచి తప్పుకోవాల్సి వచ్చినవాడాయన. ఆయన సహాయకులు నౌకాదళ మహిళా విభాగానికి చెందిన అమ్మాయిలు. చాలామందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ!

వాళ్లు ఓ గది గచ్చునే సముద్రం చేశారు. చిన్న చిన్న ఓడబొమ్మలు పెట్టి, సుద్దముక్కలతో దారులు గీశారు. అధికారులు తెరల వెనకుండి సన్నటి కంతల్లోంచి చూస్తూ ఆడాలి. నిజం ఓడమీద ఎంత కనిపిస్తుందో అంతే కనిపించాలి మరి. అలా ఆడగా ఆడగా గుట్టు బయటపడింది. శత్రువు వెనక నుంచి ఓడల బారు మధ్యలోకే చొరబడి దాడి చేస్తోంది! దానికి విరుగుడుగా తయారైన ఎత్తుకు 'రాస్ప్‌బెర్రీ' అని పేరు పెట్టింది జీన్ లెయిడ్‌లా అనే అమ్మాయి. ఒకప్పుడు జలాంతర్గామి వీరుడిగా పేరుమోసిన అడ్మిరల్ మాక్స్ హార్టన్ శత్రువు పాత్రలో ఆడి, ఐదుసార్లూ ఓడిపోయాడు. ఓడించింది జానెట్ ఓకెల్ అనే యువతి. యుద్ధం ముగిసేలోగా సుమారు ఐదువేలమంది అధికారులు ఆ గచ్చుమీద పాఠాలు నేర్చుకున్నారు. తప్పు నేలమీద చేస్తే పోయేది ఓ బొమ్మ. అదే సముద్రంలో అయితే ఓడా, అందులోని మనుషులూ!

మొదలెట్టేదెలా?

ఈ హాబీకి ముందు కావాల్సింది డబ్బు కాదు, మనుషులు. ముగ్గురో నలుగురో ఉంటే కటాన్‌తో మొదలుపెట్టొచ్చు. గంటా గంటన్నరలో తేలిపోతుంది. యుద్ధపు ఆట రుచి చూడాలంటే 2004లో వచ్చిన 'మెమోయిర్ 44' తేలిక. ఇద్దరు చాలు. కొనేముందు ఆడి చూడాలనుకునేవాళ్లకు హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో బోర్డుగేమ్ కెఫేలున్నాయి. నియమాల పుస్తకం చూసి బెదిరిపోనక్కర్లేదు. ఒక్కరు ముందుగా చదివి మిగతావాళ్లకు చెబితే సరి. మొదటి ఆట ఎలాగూ నేర్చుకోవడానికే.

అసలు మనకివి మరీ కొత్తేం కాదు. రెండు పక్షాలకూ వేర్వేరు బలాలుండటం ఈనాటి యుద్ధపు ఆటల గొప్పంటారు. గుళ్లో బండమీద గీసుకుని ఆడే పులి-మేకలో ఉన్నదేంటి? మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపలేదు. కానీ పక్క మేకను వదలకుండా నిలబడితే మాత్రం పులి అడుగు తీసి అడుగు వెయ్యలేదు. పెట్టెకు డబ్బుల్లేవంటారా... సుద్దముక్క, పద్దెనిమిది రాళ్లు చాలు. కావాల్సిందల్లా ఎదురుగా కూర్చునే ఓ మనిషే!