అమ్మకానికి సిద్ధమయ్యే ఇల్లు – గోడ లోపలి రసాయన శాస్త్రం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని మాత్రం వారు అనలేదు. కట్టిన ఇల్లు మనుమల కాలం వరకు కుటుంబంలోనే నిలిచే రోజులవి. సౌదీ అరేబియాలో ఉద్యోగాలు చేసుకొనే తెలుగు కుటుంబాల సంగతి వేరు. జుబైల్, దమ్మామ్, రియాద్, జిద్దా నగరాలలో మనలో అత్యధికులు ఉండేది కంపెనీ క్వార్టర్లలో, లేదా అద్దె ఇళ్ళలో. ఎడారి ఎండలో కూడబెట్టిన సొమ్ముతో కట్టుకొన్న సొంత ఇల్లు మాత్రం హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో, కాకినాడలోనో, కడపలోనో తాళం వేసి ఉంటుంది, లేదా అద్దెకిచ్చి ఉంటుంది. పిల్లల పై చదువులకో, మరొక ఊరిలో స్థిరపడడానికో ఒకనాడు దానిని అమ్మవలసి వస్తుంది.

అమ్మాలని నిర్ణయించుకోగానే ఫోనులో తమ్ముడికో, బావమరిదికో మనం అప్పగించే మొదటి పని ఒకటుంది: "ముందు ఇంటికి రంగులు వేయించండి." ఈ సలహా సహజమైనదే గాని, దాని వరుస తప్పు. రంగు చివరి పని. మొదటి పని ఇంటిలోనికి నీరు ఎక్కడినుండి వస్తున్నదో వెదకడం. ఇంటికి పట్టే జబ్బులలో అధిక భాగానికి మూలం నీరే. ఆ మూలాన్ని ఆపకుండా వేసిన రంగు కొద్ది నెలలలోనే ఊడిపోతుంది. ఇది ఎందుకు జరుగుతుందో, దానిని నివారించే మార్గమేమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గోడకు చౌడు ఎందుకు పడుతుంది?

ఇటుక, సిమెంటు పూత చూడడానికి గట్టిగా కనిపించినా వాటి నిండా కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలుంటాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే ఈ రంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. దీనినే కేశాకర్షణ అంటారు. పైకి వచ్చే నీరు ఒంటరిగా రాదు. నేలలోను, ఇటుకలోను, సిమెంటులోను ఉన్న సోడియం, పొటాషియం, కాల్షియం లవణాలను తనలో కరిగించుకొని వెంట తెస్తుంది. గోడ ఉపరితలాన్ని చేరిన తరువాత నీరు ఆవిరైపోతుంది. లవణం మాత్రం అక్కడే నిలిచిపోతుంది. తెల్లని పొడిగా కనిపించే ఆ లవణమే మనం చౌడు అని పిలిచేది.

ఈ లవణాలలో సోడియం సల్ఫేటు మహా కొంటెది. పొడిగా ఉన్నప్పుడు దాని స్ఫటికంలో నీరుండదు. తేమ తగిలినప్పుడు ఒక్కొక్క అణువుకు 10 నీటి అణువులను చేర్చుకొని సుమారు నాలుగు రెట్ల పరిమాణానికి పెరుగుతుంది. ఉష్ణోగ్రత, గాలిలోని తేమ మారినప్పుడల్లా ఈ మార్పు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. రంధ్రాల లోపల ఇలా స్ఫటికాలు పెరిగితే ఆ ఒత్తిడికి గోడ పూత పెచ్చులుగా ఊడిపోతుంది. సౌదీ తూర్పు తీరంలో నివసించేవారు ఈ వింతను రోజూ చూస్తూనే ఉన్నారు. జుబైల్, దమ్మామ్ పరిసరాలలో సబ్ఖా అనే ఉప్పునేలలున్నాయి. ఆ నేలపై కట్టిన ప్రహరీగోడల అడుగుభాగం తెల్లబడి, రాలిపోవడం వెనుక ఉన్నది ఈ లవణాల పనియే.

ఇక రంగు సంగతి. మన పూర్వులు సంక్రాంతికి ముందు సున్నంతో వెల్ల వేసేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. ఆ పూతలో రంధ్రాలుంటాయి కనుక గోడలోని తేమ బయటకు పోగలదు. ఎనామిల్ రంగులు, మందమైన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు గోడపై ఒక పొరగా ఏర్పడి ఆ దారిని చాలావరకు మూసివేస్తాయి. బయటకు రాలేని తేమ, లవణం ఆ పొర వెనుకనే చేరి దానిని బుడగలుగా ఉబ్బిస్తాయి. కొనేందుకు వచ్చినవారు మొదట చూసేది ఆ బుడగలనే.

ఇనుముకు పట్టే జబ్బు

గోడ పెచ్చులూడితే అందం చెడుతుంది. స్లాబులోని ఇనుము తుప్పుపడితే ఇంటి ఆయుష్షే తగ్గుతుంది.

సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు పుడుతుంది. అందువలన మంచి కాంక్రీటు తీవ్రమైన క్షారగుణం కలిగి ఉంటుంది. దాని పి.హెచ్. విలువ 12.5కు పైగానే ఉంటుంది. ఈ క్షారంలో ఇనుపకడ్డీపై అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడి కవచంలా కాపాడుతుంది. ఈ కవచానికి ఇద్దరు శత్రువులున్నారు.

మొదటిది గాలిలోని బొగ్గుపులుసు వాయువు. ఇది కాంక్రీటులోకి మెల్లగా చొరబడి క్షారాన్ని తటస్థీకరిస్తుంది. పి.హెచ్. 9కి దిగితే కవచం కరిగిపోతుంది. ఈ చొరబాటు లోతు సుమారుగా కాలం యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది. ఉదాహరణకు ఒక కాంక్రీటులో నాలుగేళ్ళకు 5 మిల్లీమీటర్లు లోనికి వెళ్ళిందనుకొందాం. 10 మిల్లీమీటర్లు చేరడానికి 16 ఏళ్ళు, 20 మిల్లీమీటర్లు చేరడానికి 64 ఏళ్ళు పడుతుంది. స్లాబు అడుగున కడ్డీకి 20 మిల్లీమీటర్ల కవరు వదిలిన మేస్త్రీకి, 10 మాత్రమే వదిలిన మేస్త్రీకి మధ్య ఎంత తేడా ఉన్నదో పాఠకులు గమనించగలరు.

రెండవ శత్రువు క్లోరైడు, అనగా ఉప్పు. ఇది క్షారాన్ని తగ్గించకుండానే కవచానికి చిల్లులు పొడుస్తుంది. సముద్రపు ఇసుక, ఉప్పునీరు, తీరపు గాలి దీనికి మార్గాలు. అందుకనే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) కడ్డీలున్న సాధారణ కాంక్రీటులో ఘనపు మీటరుకు 0.6 కిలోగ్రాముకు మించి క్లోరైడు ఉండరాదని నిర్దేశించింది. 1970లలో నిర్మాణాలు ఉప్పెనలా సాగినప్పుడు గల్ఫ్ తీరంలో కట్టిన అనేక భవనాలు పది పదిహేనేళ్ళకే బీటలు వారాయి. లవణాలు కలిసిన ఇసుక, కంకర, విపరీతమైన వేడి, తేమ అందుకు కారణాలు. ధహ్రాన్‌లోని కింగ్ ఫహద్ పెట్రోలియం, ఖనిజ విశ్వవిద్యాలయంలో ఈ విషయంపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. విశాఖ, కాకినాడ తీరాలలో ఇళ్ళున్నవారికి ఆ పాఠం వర్తిస్తుంది.

కడ్డీ తుప్పుపడితే ఆ తుప్పు మూల లోహానికి రెండు నుండి ఆరు రెట్ల స్థలం ఆక్రమిస్తుంది. లోపలినుండి వచ్చే ఆ ఒత్తిడికి కాంక్రీటు కడ్డీ వెంబడి చీలుతుంది. అయితే తుప్పు పట్టడానికి ప్రాణవాయువుతో పాటు నీరు కూడా కావాలి. పొడిగా ఉన్న గదిలో కవచం పోయిన కడ్డీ కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కారుతున్న స్లాబులో నిలువదు. చూశారా, మళ్ళీ నీటి వద్దకే వచ్చాం!

ఇంటిలోనే చేయదగిన పరీక్షలు

1. పాలిథీన్ పరీక్ష: అనుమానమున్న గోడపై అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పారదర్శకమైన పాలిథీన్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు ఉంచండి. నీటి బిందువులు కాగితం వెనుక, అనగా గోడవైపు కనిపిస్తే తేమ గోడలోనుండి వస్తున్నది. గదివైపు కనిపిస్తే అది గదిలోని గాలి చల్లబడి చేరిన తేమ. అప్పుడు గోడను తవ్వవలసిన పని లేదు, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలు.

2. తట్టి చూడడం: స్లాబు అడుగును, సన్‌షేడ్లను చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి శబ్దం వస్తే మంచిది. డొల్ల శబ్దం వస్తే పూత విడిపోయిందని అర్థం. కడ్డీ వెంబడి గోధుమరంగు మరకలు, సూటిగా సాగిన బీటలు తుప్పుకు గుర్తులు.

3. ఫినాఫ్తలీన్ పరీక్ష: బడి ప్రయోగశాలలో మనమంతా చూసిన సూచికయే ఇది. అప్పుడే పగులగొట్టిన కాంక్రీటుపై దీనిని చల్లితే క్షారమున్న చోట గులాబిరంగు వస్తుంది. రంగు రాని లోతు వరకు బొగ్గుపులుసు వాయువు చొరబడినట్లే. దీనిని అనుభవం గల ఇంజనీరు చేత చేయించడం మంచిది.

నీటి మూలాలు సాధారణంగా నాలుగే: పైకప్పు, పిట్టగోడ అంచుల బీటలు, బాత్‌రూము గొట్టాలు, నేల. ముందు డాబాపై తూములు మూసుకుపోయాయేమో చూడండి. తరువాత నీటిట్యాంకు అడుగు, దాని తరువాత బాత్‌రూము గోడకు వెనుకవైపు. నల్లరేగడి నేలపై కట్టిన ఇంటిలో మరొక విషయం గమనించాలి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. గోడలపై మెట్లుమెట్లుగా సాగే బీటలకు ఇది కారణం కావచ్చు. అటువంటి బీటను పుట్టీతో పూడ్చడం వృథా. అది కదులుతున్నదో, ఆగిపోయిందో ఇంజనీరు తేల్చాలి.

ఎప్పుడు ఏ పని?

ఇక్కడి మన బడులకు వేసవి సెలవులిచ్చే జూలై, ఆగస్టు నెలలలో మనం స్వదేశానికి వెళతాం. అక్కడ అవి వానాకాలపు రోజులు. తేమ జాడ కనిపెట్టడానికి ఇంతకన్న మంచి కాలం లేదు. రంగు వేయడానికి ఇంతకన్న చెడ్డ కాలమూ లేదు. కనుక సెలవులలో తనిఖీ చేసి, ఫోటోలు తీసి, మరమ్మతు అంచనా రాయించుకోండి. వానలు తగ్గాక మరమ్మతులు చేయించండి. కోస్తాలో ఈశాన్య ఋతుపవనాలు కూడా వెళ్ళిన తరువాత, గోడలు ఆరిన జనవరి-మార్చి నెలలలో రంగు వేయించండి. కొత్త సిమెంటు పూతను కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. తొందరపడి దానిపై నూనెరంగు వేస్తే పూతలోని క్షారం నూనెతో చర్య జరిపి దానిని సబ్బుగా మార్చివేస్తుంది. మన ఇళ్ళలో సబ్బు తయారయ్యే చర్య కూడా ఇదే!

తుప్పుపట్టిన కడ్డీని పైపైన సిమెంటుతో కప్పించవద్దు. వదులుగా ఉన్న కాంక్రీటును తొలగించి, కడ్డీ మెరిసేవరకు శుభ్రపరచి, తుప్పు నిరోధక పూత వేసి, ఆ తరువాతనే పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. కొత్త వంటగది అలమరలకు, ఖరీదైన ఫాల్స్ సీలింగులకు లక్షలు పోయడం కంటె ఈ పని ఎంతో మేలు. కొనేవారు తమ అభిరుచి ప్రకారం వంటగదిని ఎలాగూ మార్చుకొంటారు.

శుభ్రపరచడంలో ప్రమాదాలు

నేలను మెరిపించాలని యాసిడ్ పోయడం మన ఊళ్ళలో అలవాటు. చలువరాయి, తాండూరు బండ, బేతంచర్ల బండ, ఇవన్నీ కాల్షియం కార్బొనేటు రాళ్ళే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగలగానే నురగలు కక్కి కరిగిపోతాయి. టైల్స్ మధ్య ఉండే సిమెంటు కూడా కరిగి నీటికి కొత్త దారి ఏర్పడుతుంది. సబ్బునీరే చాలు. బాత్‌రూములో యాసిడ్‌ను, బ్లీచింగు పౌడరును ఎన్నడూ కలుపరాదు. ఆ రెంటి కలయికలో విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

పాత రంగులను గీకించే ముందు మరొక హెచ్చరిక. ఇంటి రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నిబంధన భారతదేశంలో 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులలో, ముఖ్యంగా గేట్లకు, కిటికీ చువ్వలకు వేసిన పసుపు, ఎరుపు ఎనామిల్ రంగులలో సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. పొడిగా గీకించక, తడిపి రుద్దించండి. పిల్లలను ఆ సమయంలో దూరంగా ఉంచండి.

తాళం వేసిన ఇంటిలో దుర్వాసనకు కారణం చాలాసార్లు చిన్నదే. నహానీ ట్రాపులలో నిలిచి ఉండే నీరు మురుగు వాయువులను అడ్డగిస్తుంది. నెలల తరబడి ఎవరూ లేకపోతే ఆ నీరు ఆవిరై, దారి తెరుచుకొంటుంది. ప్రతి ట్రాపులో ఒక చెంబెడు నీరు పోసి, పైన ఒక చెంచా వంటనూనె వేయిస్తే నీరు త్వరగా ఆవిరికాదు.

దాచవచ్చునా?

మరమ్మతుకు వ్యవధి లేదు, పైన రంగు వేసి అమ్మివేద్దామనే ఆలోచన కొందరికి కలుగవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షను ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు తెలియజేయాలి. తెలియజేయకపోవడాన్ని మోసంగానే చట్టం పరిగణిస్తుంది. కనుక కారిన చోటు, చేసిన మరమ్మతు, తేదీ, బిల్లు, ముందు వెనుకల ఫోటోలు ఒక ఫైలులో ఉంచండి. దాచిన మరక బేరాన్ని చెడగొడుతుంది. చూపించిన మరమ్మతు నమ్మకాన్ని పెంచుతుంది.

కాగితాల సంగతి న్యాయవాదులు, ఆడిటర్లు చెప్పవలసినదే అయినా రెండు మాటలు. ఊరిలోని బంధువు పేర ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీని రియాద్‌లోని భారత రాయబార కార్యాలయంలోగాని, జిద్దాలోని కాన్సులేటులోగాని ధ్రువీకరింపజేసి పంపాలి. అది భారతదేశం చేరిన మూడు నెలలలోపు అక్కడ స్టాంపు వేయించాలి. అమ్మేవారు ప్రవాసి అయినప్పుడు కొనేవారు సొమ్ములోనుండి పన్ను మినహాయించి ప్రభుత్వానికి చెల్లించవలసి ఉంటుంది. బేరం కుదరక ముందే ఆడిటరును సంప్రదించండి.

చివరిగా ఒక్క విన్నపం. మన ఇంటిని కొనేది కూడా మనలాగే పైసా పైసా కూడబెట్టిన కుటుంబమే అయి ఉంటుంది. ఆ పైకప్పు క్రింద వారి పిల్లలు నిద్రిస్తారు. కనుక ముందు నీరు, తరువాత ఇనుము, చివరకు రంగు అన్న వరుస తప్పకుండా పాటించండి. మీ కష్టార్జితానికి తగిన ధర లభిస్తుంది. కొన్నవారికి గట్టి ఇల్లు దక్కుతుంది.